ఉత్తర కొరియా అణ్వాయుధాలు, పొరుగు దేశాల చర్చలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర కొరియా క్షిపణి వదిలిన ప్రతిసారీ అవే సందేహాలు మళ్ళీ వస్తుంటాయి. చైనా ఎందుకు ఆపదు? ఇన్నేళ్ళ చర్చల వల్ల ఏం ఒరిగింది? అణ్వాయుధాల ఒప్పందం మీద మనం కూడా సంతకం పెట్టలేదుగా? విడివిడిగా జవాబులు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టొచ్చు. ఒక జవాబు అర్థం కావడానికి ఇంకోటి చదివి ఉండక్కర్లేదు. ఆ కారణంగానే కొన్ని తేదీలు రెండు మూడు చోట్ల కనిపిస్తాయి, విసుక్కోకండి.

## గొడవ ఎక్కడ మొదలైంది

ఉత్తర కొరియా కూడా ఎన్‌పీటీలో, అంటే అణ్వాయుధాల వ్యాప్తిని ఆపే ఒప్పందంలో చేరిందట కదా, మరి బాంబు ఎలా చేసింది?

చేరింది. 1985 డిసెంబర్‌లో, అప్పటి సోవియట్ యూనియన్ ఒత్తిడి మీద. కానీ తనిఖీలకు ఒప్పుకుంటూ సంతకం పెట్టడానికి 1992 జనవరి దాకా సాగదీసింది. ఆ ఏడాది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, అంటే ఐఏఈఏ ఇన్‌స్పెక్టర్లు ఆ దేశ రాజధాని ప్యాంగ్యాంగ్‌కు ఉత్తరాన ఉన్న యోంగ్‌బ్యోన్ అణు కేంద్రానికి వెళ్ళి నమూనాలు తీశారు. ఉత్తర కొరియా లెక్క ప్రకారం వాళ్ళు ఒక్కసారే, అదీ గ్రాముల్లో, బాంబుకు పనికొచ్చే ప్లుటోనియం వేరుచేశారు. నమూనాలు మాత్రం ఆ పని ఒక్కసారితో ఆగలేదని చెప్పాయి. వ్యర్థాలు దాచిన రెండు చోట్లు చూపించమని ఐఏఈఏ పట్టుబట్టింది. 1993 మార్చి 12న ఉత్తర కొరియా ఒప్పందం నుంచే తప్పుకుంటున్నానని నోటీసు ఇచ్చింది.

తప్పుకోవాలంటే మూడు నెలల ముందు చెప్పాలన్నది ఒప్పందంలోని నిబంధన. గడువు ఇంకొక్క రోజులో ముగుస్తుందనగా అమెరికాతో మాటలు కుదిరి నోటీసును పక్కన పెట్టింది. పదేళ్ళ తర్వాత, 2003 జనవరి 10న, "అప్పుడు మిగిలిన ఆ ఒక్క రోజు పూర్తయితే చాలు" అన్న వాదనతో బయటికి నడిచింది. ఒప్పందం రాసినవాళ్ళు ఇలాంటి లెక్క ఒకటి వస్తుందని ఊహించి ఉండరు.

మన దేశమూ ఎన్‌పీటీలో సంతకం పెట్టలేదు. మనకొక న్యాయం, వాళ్ళకొక న్యాయమా?

భారత్, పాకిస్తాన్, ఇజ్రాయెల్ ఆ ఒప్పందంలో అసలు చేరనేలేదు. కాబట్టి 1974, 1998 పోఖ్రాన్ పరీక్షలతో మన దేశం ఆ ఒప్పందాన్ని ఉల్లంఘించిందని అనలేం. ఉత్తర కొరియా చేరి, లోపల ఉండగానే దొంగచాటుగా పని నడిపి, తర్వాత బయటికి వెళ్ళింది. చట్టపరంగా తేడా అదే. అయిదు దేశాలకే అణ్వాయుధాలు ఉండొచ్చన్న ఏర్పాటులో అన్యాయం లేదా అంటే, ఉంది. మన దేశం మొదటి నుంచీ అంటున్నదీ అదే. కానీ అది వేరే చర్చ.

అమెరికా, ఉత్తర కొరియా ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవచ్చుగా? మధ్యలో పొరుగువాళ్ళెందుకు?

మొదటి కారణం దూరం. దక్షిణ కొరియా రాజధాని సియోల్ సరిహద్దుకు దాదాపు 50 కిలోమీటర్లలో ఉంది. క్షిపణి దాకా అక్కర్లేదు, మామూలు ఫిరంగులు చాలు. 1994లో అమెరికా రక్షణ శాఖ యోంగ్‌బ్యోన్ మీద దాడి చేసే ప్రణాళికను టేబుల్ మీదికి తెచ్చినప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చింది ఆ ఫిరంగులే.

రెండోది డబ్బు. అమెరికా భద్రతకు హామీ ఇవ్వగలదు, ఆంక్షలు ఎత్తేయగలదు. ఉత్తర కొరియాకు రోజువారీగా కావాల్సిన కరెంటు, చమురు, బియ్యం, వ్యాపారం మాత్రం పక్క దేశాల నుంచే రావాలి.

మూడోది మాట నిలబెట్టించడం. ఇద్దరి మధ్య చెప్పుకున్న మాటను ఎవరైనా దాటేయొచ్చు. ఊరి పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నది దాటితే పదిమందికీ సంజాయిషీ చెప్పుకోవాలి. బుష్ ప్రభుత్వం 2003లో పొరుగు దేశాలన్నీ కూర్చోవాల్సిందేనని పట్టుబట్టింది ఈ ఆలోచనతోనే. ఆ పెద్దమనుషులు ఒక మాట మీద ఉంటేనే ఇది పనిచేస్తుందన్నది తర్వాత అనుభవంలో తెలిసింది.

## 1994 నుంచి 2002 వరకు: మొదటి బేరం

1994 ఒప్పందంలో ఎవరు ఏమిచ్చారు, ఏం పుచ్చుకున్నారు?

1994 జూన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ప్యాంగ్యాంగ్ వెళ్ళి ఉత్తర కొరియా అధినేత కిమ్ ఇల్ సంగ్‌తో మాట్లాడి రావడంతో యుద్ధ వాతావరణం చల్లబడింది. జులై 8న కిమ్ ఇల్ సంగ్ చనిపోయాడు. అయినా చర్చలు ఆగలేదు. అక్టోబర్ 21న జెనీవాలో అమెరికా, ఉత్తర కొరియా సంతకాలు చేశాయి.

ఉత్తర కొరియా యోంగ్‌బ్యోన్‌లో నడుస్తున్న 5 మెగావాట్ల రియాక్టర్‌ను, కడుతున్న రెండు పెద్ద రియాక్టర్లను ఆపేయాలి. వాడేసిన ఇంధన కడ్డీలు దాదాపు 8,000 ఉన్నాయి. వాటిని ఇన్‌స్పెక్టర్ల కళ్ళ ముందు సీలు వేసి ఉంచాలి. బదులుగా, ఆయుధాల ప్లుటోనియం తీయడం కష్టమయ్యే రకం రియాక్టర్లు రెండు, మొత్తం 2,000 మెగావాట్లవి కట్టిస్తారు. అవి తయారయ్యేదాకా ఏటా 5 లక్షల టన్నుల ఫర్నేస్ ఆయిల్ ఇస్తారు.

సంతకం అమెరికాది, ఖర్చు మాత్రం పొరుగువాళ్ళది. రియాక్టర్లు కట్టడానికి 1995లో అమెరికా, దక్షిణ కొరియా, జపాన్ కలిసి కెడో అనే సంస్థను పెట్టాయి. తర్వాత యూరోపియన్ యూనియన్ కూడా చేరింది. దాదాపు 460 కోట్ల డాలర్ల అంచనాలో 70 శాతం భారం దక్షిణ కొరియా నెత్తిన, పెద్ద వాటా జపాన్ నెత్తిన పడింది. చర్చల గదిలో కుర్చీ లేని దేశం బిల్లు కట్టడం సియోల్‌లో చాలామందికి మింగుడుపడలేదు.

ఆ ఒప్పందం ఉత్త దండగ అంటారు. నిజమేనా?

నేను ఒప్పుకోను. 1994 నుంచి 2002 చివరి దాకా యోంగ్‌బ్యోన్‌లో కొత్తగా ఒక్క గ్రాము ప్లుటోనియం వేరుచేయలేదు. ఆ 8,000 కడ్డీలూ నీళ్ళ తొట్టిలో సీళ్ళ కింద అలాగే ఉన్నాయి. వాటిలో అయిదారు బాంబులకు సరిపడా సరుకుంది. కడుతున్న పెద్ద రియాక్టర్లు రెండూ శిథిలాలయ్యాయి. అవి పూర్తయి ఉంటే ఏటా పదుల సంఖ్యలో బాంబులకు ప్లుటోనియం వచ్చేది. పొరుగు దేశాల డబ్బుతో కొన్నది ఈ ఎనిమిదేళ్ళనే.

అయితే ఒక పెద్ద కన్నం ఉంది. ఒప్పందం ప్లుటోనియం దారిని మూసింది. ఈలోగా పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ ముఠా నుంచి సెంట్రిఫ్యూజ్ టెక్నాలజీ (యురేనియాన్ని బాంబుకు పనికొచ్చేలా శుద్ధిచేసే యంత్రాలది) తెచ్చుకుని ఉత్తర కొరియా యురేనియం దారి తెరిచింది.

ముందు మాట తప్పింది అమెరికానా, ఉత్తర కొరియానా?

ఇద్దరూ. 2003కల్లా తయారవ్వాల్సిన రియాక్టర్లకు 2002 ఆగస్టులో గానీ పునాది కాంక్రీటు పడలేదు. చమురు ఓడలు తరచూ ఆలస్యంగా వెళ్ళేవి, ఎందుకంటే అమెరికా కాంగ్రెస్ డబ్బు విడుదల చేయడానికి గునిసేది. ఆంక్షల సడలింపు నత్తనడక నడిచింది. అటువైపు ఉత్తర కొరియా రహస్యంగా యురేనియం శుద్ధి పరికరాలు పోగేసుకుంది. 2002 అక్టోబర్‌లో అమెరికా దూత జేమ్స్ కెల్లీ ప్యాంగ్యాంగ్ వెళ్ళి దాని గురించి నిలదీశాడు. నవంబర్‌లో చమురు ఆగింది, డిసెంబర్‌లో ఇన్‌స్పెక్టర్లను గెంటేశారు, సీళ్ళు తెగాయి. మూడు నెలల్లో ఎనిమిదేళ్ళ పని పోయింది.

## 2003 నుంచి 2009 వరకు: ఆరు దేశాల చర్చలు

ఆ ఆరు దేశాలు ఏవి? చర్చలు ఎలా జరిగేవి?

ఉత్తర కొరియా, దక్షిణ కొరియా, చైనా, జపాన్, రష్యా, అమెరికా. మొదటి రౌండు 2003 ఆగస్టు 27 నుంచి 29 వరకు బీజింగ్‌లోని ద్యావోయుతాయ్ ప్రభుత్వ అతిథి గృహంలో జరిగింది. ఎవరూ ఎవరికన్నా పెద్ద కాదన్నట్టు ఆరు భుజాల టేబుల్ వేశారు. అధ్యక్షత చైనాది. ఇప్పుడు ఆ దేశ విదేశాంగ మంత్రిగా ఉన్న వాంగ్ యీ అప్పట్లో ఉపమంత్రి హోదాలో మొదటి రౌండు నడిపించాడు.

అయిదు భాషలు, ఒక్కో ప్రసంగానికి అనువాదాలు. అందుకే అసలు పని టేబుల్ దగ్గర జరిగేది కాదు, పక్కన జరిగేది. ఉత్తర కొరియాతో విడిగా చర్చలు జరపకూడదన్నది అప్పటి అమెరికా విధానం. దాంతో మొదటి రౌండులో ఆ రెండు బృందాలూ అదే హాల్లో ఓ మూలకు వెళ్ళి మాట్లాడుకోవాల్సి వచ్చింది. బయట విలేకరులకు మాత్రం "ద్వైపాక్షిక చర్చలు లేవు" అని చెప్పారు. 2005లో క్రిస్టఫర్ హిల్ అమెరికా బృంద నాయకుడయ్యాక ఈ మడి కాస్త సడలింది. ఉత్తర కొరియా ప్రతినిధి కిమ్ క్యే గ్వాన్‌తో ఆయన నేరుగా కూర్చోవడం మొదలుపెట్టాకే కాగితం మీద అక్షరాలు పడ్డాయి.

ఉత్తర కొరియా దగ్గర నిజంగా ప్లుటోనియం ఉందని బయటివాళ్ళకు ఎలా తెలిసింది?

వాళ్ళే చూపించారు. 2004 జనవరిలో అమెరికా లాస్ అలమోస్ ప్రయోగశాల మాజీ డైరెక్టర్ సీగ్‌ఫ్రీడ్ హెకర్‌ను యోంగ్‌బ్యోన్ తీసుకెళ్ళారు. వాడేసిన ఇంధన కడ్డీలు 8,000 ఉండాల్సిన తొట్టి ఖాళీగా ఉంది. తర్వాత ఒక సమావేశం గదిలోకి ఎర్రటి లోహపు పెట్టె తెచ్చారు. దాంట్లో ఒక చెక్కపెట్టె, అందులో జామ్ సీసాల్లాంటి రెండు గాజు సీసాలు. ఒకదాంట్లో పొడి, ఇంకోదాంట్లో దాదాపు 200 గ్రాముల లోహం ముక్క. చేతికి తొడుగు వేసుకుని ఆయన సీసా పట్టుకుని చూశారు. బరువుగా, కొంచెం వెచ్చగా ఉందని తర్వాత అమెరికా సెనేట్ కమిటీకి చెప్పారు. ప్లుటోనియం దానంతట అదే వేడి పుట్టిస్తుంది.

దౌత్యానికి ఇదో వింత కోణం. ఉత్తర కొరియా అన్నీ దాచే దేశం అనుకుంటాం. బేరంలో పనికొస్తుందనుకుంటే తనే పిలిచి చూపిస్తుంది.

2005 సెప్టెంబర్ 19 ప్రకటనను అంత గొప్పగా ఎందుకు చెబుతారు?

అణ్వాయుధాలన్నీ, అణు కార్యక్రమాలన్నీ వదులుకుంటానని ఉత్తర కొరియా అయిదు దేశాల ముందు లిఖితపూర్వకంగా ఒప్పుకుంది కాబట్టి. దాడి చేసే ఉద్దేశం లేదని అమెరికా చెప్పింది. దక్షిణ కొరియా 20 లక్షల కిలోవాట్ల కరెంటు ఇస్తానన్న మాటను మళ్ళీ చెప్పింది. "మాటకు మాట, పనికి పని" అన్నది పద్ధతి. ఒకరు మెట్టు దిగితే ఇంకొకరు ఒక మెట్టు దిగాలి.

చిక్కు ఒక్క వాక్యంలో ఉంది. ఉత్తర కొరియాకు కొత్త రియాక్టర్ ఇచ్చే విషయాన్ని "తగిన సమయంలో" చర్చిద్దామని రాశారు. సంతకాల మర్నాడే ప్యాంగ్యాంగ్ ముందు రియాక్టర్ కావాలంది. ముందు ఆయుధాలు పోవాలంది వాషింగ్టన్. ఆ రెండు మాటలను పక్కపక్కన పెట్టి ఇద్దరినీ ఒప్పించడం చైనా నేర్పే. కానీ తేల్చాల్సినదాన్ని తేల్చకుండా రాస్తే, అది తర్వాత ఎక్కడో ఒకచోట తేలాల్సిందే కదా.

మకావ్ బ్యాంకు గొడవ ఏంటి? రెండున్నర కోట్ల డాలర్లకు చర్చలు ఆగిపోతాయా?

ఆగిపోయాయి. ఏడాదికి పైగా. 2005 సెప్టెంబర్‌లోనే అమెరికా ఆర్థిక శాఖ మకావ్‌లోని బాంకో డెల్టా ఆసియా అనే చిన్న బ్యాంకు మీద మనీ లాండరింగ్ ముద్ర వేసింది. అక్కడ ఉత్తర కొరియా ఖాతాల్లో ఉన్న దాదాపు 2.5 కోట్ల డాలర్లు స్తంభించాయి. మొత్తం చిన్నదే. కానీ ఆ ముద్ర చూసి ప్రపంచంలోని మిగతా బ్యాంకులూ ఉత్తర కొరియాతో లావాదేవీలకు భయపడ్డాయి. ఆ దెబ్బే గట్టిగా తగిలింది.

ఒక చేత్తో ప్రకటన మీద సంతకం, ఇంకో చేత్తో ఖాతాల మీద తాళం. అమెరికా విదేశాంగ శాఖ, ఆర్థిక శాఖ రెండూ వేర్వేరు దారుల్లో నడిచాయి. ఉత్తర కొరియా చర్చలకు రావడం మానేసి 2006 జులైలో క్షిపణులు, అక్టోబర్ 9న మొదటి అణు పరీక్ష చేసింది.

డబ్బు తిరిగి ఇవ్వడానికి అమెరికా ఒప్పుకున్నాక మొదలైంది అసలు తమాషా. ముద్ర పడిన సొమ్ము ముట్టుకోవడానికి ఏ బ్యాంకూ ముందుకు రాలేదు. 2007 మార్చిలో డబ్బు చేరలేదని కిమ్ క్యే గ్వాన్ చర్చల మధ్యలో విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. చివరికి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్, రష్యా కేంద్ర బ్యాంకు, రష్యా తూర్పు కొసలోని ఓ చిన్న బ్యాంకు మీదుగా జూన్‌లో ఆ సొమ్ము చేరింది. ఆరు దేశాల చర్చల్లో రష్యా చేసిన అతి పెద్ద పని ఏదంటే నేను ఈ మనియార్డరే చూపిస్తాను.

అణు పరీక్ష చేసినవాళ్ళతో మళ్ళీ మాట్లాడి ఏం సాధించారు?

కొంత గట్టిగానే సాధించారు. 2007 ఫిబ్రవరి 13 ఒప్పందం ప్రకారం యోంగ్‌బ్యోన్ మూస్తే మొదట 50,000 టన్నుల ఫర్నేస్ ఆయిల్, తర్వాతి దశలతో కలిపి 10 లక్షల టన్నుల విలువైన సాయం. జులైలో రియాక్టర్ ఆగింది, ఐఏఈఏ తిరిగి వచ్చింది. అమెరికా నిపుణులు అక్కడే మకాం వేసి పరికరాలు ఊడదీయించారు. 2008 మేలో దాదాపు 18,000 పేజీల రియాక్టర్ రికార్డులు చేతికొచ్చాయి. ఆ కాగితాలను పరీక్షిస్తే శుద్ధిచేసిన యురేనియం కణాలు అంటుకుని కనిపించాయని అమెరికా అధికారులు చెప్పారు. లేదన్న యురేనియం కార్యక్రమం తాలూకు ధూళి, వాళ్ళు ఇచ్చిన కాగితాల మీదే!

2008 జూన్ 27న కూలింగ్ టవర్‌ను విదేశీ టీవీ కెమెరాల ముందు పేల్చేశారు. చూడటానికి బాగుంది. లోపలి సామాను అప్పటికే తీసేశారు.

మరి చివరికి ఎక్కడ బెడిసింది?

తనిఖీ దగ్గర. ఉత్తర కొరియా తన ప్లుటోనియం లెక్క ఇచ్చింది. అది నిజమో కాదో తేల్చాలంటే నమూనాలు తీయాలి, చెప్పని చోట్లకూ వెళ్ళి చూడాలి. అమెరికా 2008 అక్టోబర్‌లో ఆ దేశాన్ని ఉగ్రవాద జాబితా నుంచి తీసేసింది, తనిఖీకి నోటిమాటగా ఒప్పుకున్నారన్న నమ్మకంతో. డిసెంబర్‌లో బీజింగ్‌లో అది కాగితం మీద పెట్టమంటే ఉత్తర కొరియా కుదరదంది. 2009 ఏప్రిల్ 5న రాకెట్ ప్రయోగించింది, భద్రతా మండలి ఖండించింది, ఆ మర్నాడే "ఇక ఎప్పటికీ ఈ చర్చలకు రాము" అని చెప్పేసింది. మే 25న రెండో అణు పరీక్ష. ఆరు దేశాల టేబుల్ మళ్ళీ వేయలేదు.

## పొరుగువాళ్ళ లెక్కలు

చైనా ఒక్క మాట చెబితే ఉత్తర కొరియా ఆగిపోదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ఉత్తర కొరియా విదేశీ వ్యాపారంలో 90 శాతానికి పైగా చైనాతోనే. ముడి చమురు పైపు చైనా నుంచే వెళ్తుంది. 2003లో ఆ పైపు కొన్ని రోజులు "సాంకేతిక కారణాల"తో ఆగిందని, ఆ వెంటనే ప్యాంగ్యాంగ్ బీజింగ్ చర్చలకు ఒప్పుకుందని వార్తలొచ్చాయి. అంటే మీట చైనా చేతిలో ఉంది. నొక్కడానికే ఇష్టం లేదు.

ఎందుకంటే చైనాకు ఉత్తర కొరియా బాంబు కన్నా ఉత్తర కొరియా కూలిపోవడం పెద్ద భయం. 1,400 కిలోమీటర్ల సరిహద్దు. కూలితే శరణార్థులు యాలూ నది దాటి వస్తారు, ఆ వెనక దక్షిణ కొరియాతో పాటు అమెరికా సైన్యం సరిహద్దు దాకా రావచ్చు. 1950లో అమెరికా సేనలు ఆ నది దగ్గరికి వచ్చినప్పుడే మావో సైన్యాన్ని పంపాడు. ఆ యుద్ధంలో సొంత కొడుకును పోగొట్టుకున్నాడు. బీజింగ్ ప్రాధాన్యాలు ఈ వరుసలో ఉంటాయి: యుద్ధం రాకూడదు, ఆ ప్రభుత్వం కూలకూడదు, ఆ తర్వాతే అణ్వాయుధాలు ఉండకూడదు. అమెరికా జాబితాలో మొదటిది చైనా జాబితాలో మూడోది.

అలాగని చైనా చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2006 నుంచి 2017 దాకా భద్రతా మండలి ఆంక్షల తీర్మానాలన్నిటికీ ఓటేసింది. 2017లో బొగ్గు దిగుమతులు ఆపింది. 2018 మార్చి దాకా చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఉన్‌ను ఒక్కసారి కూడా కలవలేదు. ఉత్తర కొరియా మాత్రం ఈ చల్లదనాన్ని ఓర్చుకుంది, మీట పూర్తిగా నొక్కరని తెలిసి.

2007 ఒప్పందం ప్రకారం ఉత్తర కొరియాకు ఇచ్చే చమురు ఖర్చులో జపాన్ తన వాటా ఇవ్వనందట, ఎందుకు?

జపాన్‌లో అణ్వాయుధాల కన్నా ముందు వినిపించే మాట అపహరణలు. 1970లు, 80లలో ఉత్తర కొరియా ఏజెంట్లు జపాన్ తీరాల నుంచి మామూలు మనుషులను ఎత్తుకెళ్ళారు. నీగాటాలో బడి నుంచి ఇంటికి వస్తున్న 13 ఏళ్ళ యోకోటా మెగుమి 1977లో మాయమైంది. 2002 సెప్టెంబర్‌లో ప్రధాని కొయిజుమి ప్యాంగ్యాంగ్ వెళ్ళినప్పుడు అప్పటి ఉత్తర కొరియా అధినేత కిమ్ జోంగ్ ఇల్ 13 మంది అపహరణను ఒప్పుకున్నాడు. వాళ్ళలో అయిదుగురు తర్వాత తిరిగి వచ్చారు. మిగతావాళ్ళు చనిపోయారన్నాడు. జపాన్ నమ్మలేదు. జపాన్ లెక్కలో బాధితులు 17 మంది.

నిజం చెప్తే సంబంధాలు బాగుపడతాయని కిమ్ అనుకున్నాడు. జపాన్ ప్రజల్లో పుట్టింది కోపం. ఆ తర్వాత ఈ సంగతి తేలకుండా సాయం చేయడానికి ఏ ప్రధానికీ వీలు కాలేదు. బయటివాళ్ళు జపాన్ మొండిపట్టు పట్టిందంటారు. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి ఓట్లడగాల్సిన నాయకుడికి వేరే దారి ఏముందో నాకైతే కనిపించదు.

దక్షిణ కొరియా విధానం ప్రతి ఎన్నికకూ మారుతుందేం?

అక్కడ అధ్యక్షుడికి ఒక్కటే పదవీకాలం, అయిదేళ్ళు. కిమ్ దే జంగ్ 1998లో సన్‌షైన్ విధానం, అంటే ఉత్తరంతో స్నేహంగా మెలిగే విధానం మొదలుపెట్టాడు, 2000 జూన్‌లో ప్యాంగ్యాంగ్ వెళ్ళాడు, ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. సరిహద్దు దాటగానే కేసాంగ్‌లో ఫ్యాక్టరీలు పెట్టారు, 50,000 మందికి పైగా ఉత్తర కొరియా కార్మికులు దక్షిణ కొరియా కంపెనీలకు పనిచేశారు. 2008లో లీ మ్యుంగ్ బాక్ వచ్చి ముందు అణ్వాయుధాలు వదలండి, తర్వాతే సాయం అన్నాడు. 2016 ఫిబ్రవరిలో పార్క్ గన్ హే కేసాంగ్ మూసేసింది. 2018లో మూన్ జే ఇన్ మళ్ళీ తలుపు తట్టాడు. 2020 జూన్‌లో ఉత్తర కొరియా కేసాంగ్‌లోని ఉమ్మడి కార్యాలయ భవనాన్ని పేల్చేసింది. అవతల కుర్చీలో ఉన్నది మాత్రం ఇన్నేళ్ళూ ఒకే కుటుంబం. వేచి ఉంటే చాలని వాళ్ళకు తెలుసు.

## 2017 తర్వాత

ట్రంప్, కిమ్ కలిసినా ఎందుకు తేలలేదు?

2018 జూన్ 12న సింగపూర్‌లో కలిశారు, చేతులు కలిపారు, క్లుప్తమైన ప్రకటన వచ్చింది. 2019 ఫిబ్రవరిలో హనోయ్‌లో అసలు బేరం. యోంగ్‌బ్యోన్ ఇస్తాను, 2016, 2017 నాటి ముఖ్యమైన ఆంక్షలు ఎత్తేయండి అన్నాడు కిమ్. యోంగ్‌బ్యోన్ ఒక్కటే చాలదన్నాడు ట్రంప్. వేసి ఉంచిన భోజనాల బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు.

ఇక్కడ నా అభిప్రాయం: మధ్యవర్తి అయిన అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ ఇద్దరినీ కలపగలిగాడు గానీ గదిలో అతనికి చోటు లేదు. బేరం బెడిసినప్పుడు సగం ధరకు సగం సరుకు అని మధ్యేమార్గం చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారు. 2007లో ఆ పని చైనా చేసింది.

ఆంక్షలు ఇంకా ఉన్నాయా? రష్యా ఏం చేసింది?

కాగితం మీద ఉన్నాయి. 2017 డిసెంబర్ తీర్మానం ప్రకారం ఉత్తర కొరియాకు ఏడాదికి 5 లక్షల పీపాల పెట్రో ఉత్పత్తులు మించి వెళ్ళకూడదు. అమలును గమనించే నిపుణుల బృందం ఒకటి ఐక్యరాజ్యసమితిలో ఉండేది. 2024 మార్చిలో దాని గడువు పొడిగింపును రష్యా వీటో చేసింది, చైనా ఓటు వేయలేదు. జూన్‌లో పుతిన్ ప్యాంగ్యాంగ్ వెళ్ళి పరస్పర రక్షణ ఒప్పందం చేసుకున్నాడు. ఆ ఏడాది చివర్లో ఉత్తర కొరియా సైనికులు కుర్స్క్‌లో రష్యా తరఫున ఉక్రెయిన్‌తో యుద్ధానికి దిగారు. ఒకప్పుడు ఆ ఆరు భుజాల టేబుల్‌కి ఇటువైపు కూర్చున్న దేశం ఇప్పుడు అటువైపు కూర్చుంది.

ఉత్తర కొరియా దగ్గర ఇప్పుడు ఎన్ని బాంబులున్నాయి?

స్టాక్‌హోంలో ఆయుధాల మీద పరిశోధన చేసే సిప్రీ సంస్థ 2025లో వేసిన అంచనా దాదాపు 50. ఇంకొన్నిటికి సరిపడా సరుకు ఉంది. 2006 నుంచి 2017 దాకా ఆరు అణు పరీక్షలు జరిగాయి.

## ఇతర దేశాలు, మనం

పొరుగు దేశాలు మాట్లాడుకుని అణ్వాయుధాలను ఆపిన ఉదాహరణ ఎక్కడైనా ఉందా?

ఉంది. అర్జెంటీనా, బ్రెజిల్. రెండిట్లోనూ సైనిక పాలన ఉన్నప్పుడు రహస్య అణు కార్యక్రమాలు నడిచాయి. ప్రజాప్రభుత్వాలు వచ్చాక 1985 నుంచి అధ్యక్షులు అల్ఫోన్సిన్, సార్నీ ఒకరి రహస్య కేంద్రాలను ఇంకొకరికి చూపించుకున్నారు. 1991లో ఉమ్మడి తనిఖీ సంస్థ ఏబీఏసీసీ పెట్టుకున్నారు. బ్రెజిల్ ప్లాంట్లను అర్జెంటీనా ఇన్‌స్పెక్టర్లు, అర్జెంటీనా ప్లాంట్లను బ్రెజిల్ వాళ్ళు చూస్తారు. ఇప్పటికీ నడుస్తోంది.

కానీ అక్కడ ఎవరి దగ్గరా బాంబు లేదు, ఎవరి ప్రభుత్వమూ బాంబు మీద ఆధారపడి బతకలేదు. ఉత్తర కొరియాకు ఇవి రెండూ వర్తించవు.

లిబియా వదులుకుంది కదా, ఉత్తర కొరియా ఎందుకు వదులుకోదు?

గడాఫీ 2003 డిసెంబర్‌లో వదులుకున్నాడు, 2011లో నాటో బాంబుల మధ్య పదవి, ప్రాణం పోగొట్టుకున్నాడు. ప్యాంగ్యాంగ్ ఈ ఉదాహరణను బాహాటంగానే చెబుతుంది. 2018లో ట్రంప్ సలహాదారు జాన్ బోల్టన్ "లిబియా నమూనా" అన్నప్పుడు సింగపూర్ సమావేశమే ఆగిపోయేంత పనైంది.

ఇదంతా మనకెందుకు? భారత్‌కు ఏం సంబంధం?

1999 జూన్‌లో గుజరాత్‌లోని కాండ్లా రేవుకు కు వోల్ సాన్ అనే ఉత్తర కొరియా ఓడ పంచదారతో వచ్చింది. కాగితాల్లో మిగతా సరుకు నీటి శుద్ధి యంత్రాలని ఉంది. కస్టమ్స్ అధికారులు తెరవబోతే సిబ్బంది అడ్డం తిరిగారు. తెరిచి చూస్తే క్షిపణి విడిభాగాలు, తయారీ యంత్రాలు, డ్రాయింగులు. అవి పాకిస్తాన్‌కేనని మన ప్రభుత్వం అంది. లిబియాకని తర్వాత కొందరు నిపుణులు అన్నారు. పాకిస్తాన్ ఘోరీ క్షిపణి మాత్రం ఉత్తర కొరియా నోడాంగ్ నుంచి వచ్చిందే, అందులో అనుమానం లేదు.

2017లో మన ప్రభుత్వం ఆహారం, మందులు తప్ప ఉత్తర కొరియాతో వ్యాపారం నిషేధించింది. తెలుగువాళ్ళకైతే కొరియా ద్వీపకల్పంలో టెన్షన్ అంటే పెనుకొండ కియా ఫ్యాక్టరీ కూడా గుర్తుకు రావాలి. దాని మాతృసంస్థ ఆఫీసున్న సియోల్, సరిహద్దు ఫిరంగులకు అందేంత దూరంలోనే ఉంది.

ఆరు దేశాల చర్చలు మళ్ళీ మొదలయ్యే అవకాశం ఉందా?

అదే రూపంలో కష్టం. ఉత్తర కొరియా 2022లో అణ్వాయుధ హోదాను చట్టంలో, 2023లో రాజ్యాంగంలో రాసుకుంది. అమెరికా, చైనా మధ్య అప్పటి సయోధ్య లేదు. రష్యా ప్యాంగ్యాంగ్ వైపు ఉంది. పూర్తిగా వదులుకోండి అని మొదలుపెట్టే ఏ చర్చకూ కిమ్ రాడు.

ఇప్పుడు కుదిరితే చిన్న బేరాలే కుదురుతాయి: పరీక్షలు ఆపడం, కొత్త ప్లుటోనియం, యురేనియం తయారీ ఆపడం, ఆయుధాలు, టెక్నాలజీ ఇంకో దేశానికి అమ్మకుండా చూడటం. వీటికీ పొరుగువాళ్ళు కావాలి. ముఖ్యంగా చైనా చమురు, దక్షిణ కొరియా డబ్బు ఒకే షరతు మీద కదలాలి. అది జరుగుతోందా లేదా అని తెలుసుకోవడానికి శిఖరాగ్ర సమావేశాల ఫొటోలు పెద్దగా పనికిరావు. 2009 ఏప్రిల్‌లో వెళ్ళగొట్టిన ఐఏఈఏ ఇన్‌స్పెక్టర్లను యోంగ్‌బ్యోన్‌లోకి మళ్ళీ రానిచ్చారా అన్నది చూడండి.